ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్: ఖండాలు దాటిన మొక్కలకు పటాలు

లండన్‌లోని క్యూ రాయల్ బొటానిక్ గార్డెన్స్ 2017లో ప్రారంభించిన ఈ ఉచిత వెబ్‌సైట్‌లో ఏ మొక్క శాస్త్రీయ నామం వెతికినా, దాని పర్యాయనామాలతో పాటు ఒక ప్రపంచ పటం కనిపిస్తుంది. ఆ మొక్క సహజంగా పెరిగే ప్రాంతాలు అందులో ఆకుపచ్చగానూ, మనుషుల వల్ల చేరిన ప్రాంతాలు ఊదాగానూ ఉంటాయి. ఓడలెక్కి వెళ్లిన మొక్కను, తనంతట తాను వెళ్లిన మొక్కను వేరుచేయనిదే వ్యాప్తి గురించిన చర్చ మొదలే కాదు కనుక, ఈ సైట్‌లో అన్నిటికన్నా విలువైనది ఈ రెండు రంగుల విభజనే.

అయితే ఆ రంగును తుది తీర్పుగా తీసుకోకూడదు. కాక్టస్ కుటుంబానికి పుట్టిల్లు అమెరికా ఖండాలు; రిప్సాలిస్ బాక్సిఫెరా అనే ఒక్క జాతి మాత్రం ఆఫ్రికా, మడగాస్కర్, శ్రీలంకలలో కూడా సహజమైనదిగానే నమోదైంది. జిగురు పండ్లను తిన్న పక్షులు దాని విత్తనాలను సముద్రం దాటించి ఉంటాయని కొందరూ, నావికులే తీసుకెళ్లి ఉంటారని మరికొందరూ అంటారు. పటంలోని ఆకుపచ్చ ఈ వివాదాన్ని చూపదు.

లావాటి మాను ఉండే బావోబాబ్ చెట్ల పుటలు ఇంకా ఆసక్తికరంగా ఉంటాయి. ఈ చెట్ల ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) అయిన అడన్‌సోనియాలోని 8 జాతుల్లో 6 మడగాస్కర్‌లో, ఒకటి ఆఫ్రికా ఖండంలో, ఒకటి వాయవ్య ఆస్ట్రేలియాలో ఉన్నాయి. దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్న ప్రాచీన గోండ్వానా భూభాగం ముక్కలు కావడంతో ఇవి విడిపోయాయన్న ఊహ ఒకప్పుడు ఉండేది. ఈ జాతులు విడివడింది ఖండాలు దూరమైన చాలాకాలం తర్వాతనేనని డీఎన్ఏ ఆధారాలు చూపాక, కాయలు సముద్రంలో తేలుతూ వెళ్లాయన్న వివరణ బలపడింది. అలా చేరిన కొద్దిపాటి మొక్కలకు పాత బంధువులతో పరాగసంపర్కం తెగిపోతుంది, కొత్త వాతావరణంలో తరతరాలుగా మార్పులు పేరుకుంటాయి, చివరకు అవి వేరే జాతిగా నిలుస్తాయి. పటంలో ఒక చిక్కుంది: ఆస్ట్రేలియా బావోబాబ్ ప్రధానంగా ఉత్తరాన ఉన్న కింబర్లీ ప్రాంతానిదైనా, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రమంతటికీ రంగు వేస్తారు. కాబట్టి పుటలోని రాతను కూడా చదవాలి.

అసలు లోటు బంధుత్వాల విషయంలో ఉంది. హవాయిలోని అకేసియా కోవా చెట్టు, సుమారు 18,000 కిలోమీటర్ల దూరంలో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఉన్న అకేసియా హెటిరోఫిల్లా చెట్టు దగ్గరి బంధువులనీ, హవాయి నుంచే విత్తనం రీయూనియన్‌కు చేరిందనీ 2014లో జన్యు పరిశోధన తేల్చింది. ఈ సైట్‌లో అవి సంబంధం లేని రెండు పుటలు, రెండు ఆకుపచ్చ చుక్కలు మాత్రమే. ఏది ఎవరి నుంచి, ఎప్పుడు విడిపోయిందో కావాలంటే కాలమానంతో కూడిన వంశవృక్షాలున్న పరిశోధన పత్రాలను పక్కన పెట్టుకొని ఈ పటాలను చూడవలసిందే.