అలంపూర్ మిథునాలు, పానగల్లు నర్తకులు: రెండు విడతల శిల్పయాత్ర

ఖజురహో ఫోటోలు మనసులో పెట్టుకొని అలంపూర్‌లో దిగితే నిరాశే మిగులుతుంది. ఇక్కడి రాతి జంటలు కాస్త సిగ్గరులు. ఆమె భుజం మీద అతని చెయ్యి, నడుములో చిన్న వంపు, ఒకరివైపు ఒకరు వాలిన తలలు. చాలాచోట్ల కథ అక్కడికే ఆగుతుంది. ఇట్లా జంటగా నిలబడ్డ బొమ్మను మిథునం అంటారు, రతిలో ఉన్నదాన్ని మైథునం అంటారు. ఊళ్ళల్లో రెండింటినీ, తేరు చెక్కల మీది బొమ్మలనూ కలిపి 'బూతుబొమ్మలు' అనేస్తారు. దిష్టి తగలదని, పిడుగు పడదని ఆ బొమ్మలు పెట్టారన్న మాటా వినిపిస్తుంది. అలంపూర్‌లో చూడాల్సింది మిథునాలనే. వాటికోసం ఒక పూట చాలదు, ఒక రాత్రి ఉండాలి.

హైదరాబాద్ నుంచి కర్నూలు బస్సెక్కి అలంపూర్ చౌరస్తాలో దిగాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 200 కిలోమీటర్లు, నాలుగు గంటల దారి. అక్కడి నుంచి లోపలికి పది కిలోమీటర్ల పైచిలుకు షేర్ ఆటోలో పోవాలి. చీకటి పడ్డాక ఆటోలు తగ్గిపోతాయి, కాబట్టి సాయంత్రం నాలుగు లోపు చౌరస్తా చేరేలా బయల్దేరండి. జోగుళాంబ హాల్ట్ స్టేషన్ దగ్గరే ఉన్నా అక్కడ ఆగే బండ్లు తక్కువ. రైలునే నమ్ముకుంటే రోజంతా దానికే పోతుంది.

అలంపూర్‌లోని తొమ్మిది గుళ్ళను నవబ్రహ్మ ఆలయాలంటారు, అన్నీ బాదామి చాళుక్యుల కాలానివి, ఏడు, ఎనిమిది శతాబ్దాలవి. పేర్లలో బ్రహ్మ ఉన్నా అన్నీ శివుడి గుళ్ళే. తొమ్మిదింటినీ వరసపెట్టి చూస్తే మూడో గుడి దగ్గరికే కళ్ళు అలసిపోతాయి. ముందు స్వర్గబ్రహ్మకు పోండి. వినయాదిత్యుడి కాలంలో, అంటే 681–696 మధ్య, లోకాదిత్య ఎళ అరస కట్టించాడని శాసనం చెప్పే గుడి ఇది. శిల్పంలో మిగతా వాటికంటే ఒక మెట్టు పైన ఉంటుంది. మూలల్లో దిక్పాలకులు, గూళ్ళల్లో శివరూపాలు, పైన ఎగిరే గంధర్వులు. మిథునాలు స్తంభాల మీద, గోడల మీద ఉంటాయి. అందరూ పెద్ద విగ్రహాల ముందే ఆగి వీటిని దాటిపోతారు. రెండోది విశ్వబ్రహ్మ, దాని ఆకుల అల్లిక పని కోసం. బాలబ్రహ్మలో పూజలు బాగా జరుగుతాయి, జనం ఎక్కువ, శిల్పం నిదానంగా చూసే వీలు తక్కువ. పద్మబ్రహ్మను, తారకబ్రహ్మను బయటినుంచి చుట్టి వస్తే చాలు.

ఎండ లెక్క తెలియకపోతే ఇంత దూరం వచ్చిందంతా దండగ. ఈ శిల్పం లోతు తక్కువ. ఎదురుగా వెలుతురు పడితే బొమ్మ గోడలో కలిసిపోతుంది, పక్కనుంచి పడితే చెంప, నడుము, వేళ్ళు తేలుతాయి. దక్షిణపు గోడను చలికాలంలో పొద్దున ఎనిమిది నుంచి పది లోపు, మళ్ళీ మూడున్నర తర్వాత చూడాలి. ఉత్తరపు గోడకు దసరా నుంచి ఉగాది దాకా నేరుగా ఎండే తగలదు. దానికి మే, జూన్‌లలో తెల్లవారి గంటా, సాయంత్రం గంటా బాగుంటుంది. అయితే ఆ నెలల్లో పదకొండు దాటితే బండల మీద ఉత్త కాళ్ళతో నిలబడలేరు, చెప్పులు బయటే విడవాలి గనక మందపాటి మేజోళ్ళు పెట్టుకెళ్ళండి. లోపలి ద్వారాలకు టార్చి కావాలి, దాన్ని గోడకు ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి పట్టాలి. ఫోన్ ఫ్లాష్ కొడితే బొమ్మ చదునైపోతుంది. మూడుకాళ్ళ స్టాండుకు పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. గర్భగుళ్ళల్లో ఫోటోలు వద్దు.

గీతలు కనబడటానికి నూనె రాయడం, పిండి రుద్దడం ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. నూనె దుమ్మును పట్టేస్తుంది, కొన్నాళ్ళకు బొమ్మ నల్లబడి ముఖం పోతుంది. పాత సున్నం పొరలను ఇసుక జల్లి ఊడగొడితే ఇంకా ఘోరం: ఉలి జాడలు కూడా సున్నంతో పాటే పోతాయి.

ద్వారబంధాన్ని కిందినుంచి పైకి చదవాలి. అడుగున గంగా యమునలు, ద్వారపాలకులు, ఆ పైన శాఖలు, అంటే నిలువు పట్టీలు. ఒక్కో పట్టీలో ఒక్కో తీరు: లతలు, గణాలు, జంటలు. ఈ జంటలు అక్కడ ఎందుకన్న ప్రశ్నకు ఆరో శతాబ్దపు వరాహమిహిరుడే జవాబు రాసి పెట్టాడు. బృహత్సంహితలో ప్రాసాద లక్షణం చెప్తూ ద్వారానికి మంగళపక్షులు, శ్రీవృక్షం, స్వస్తికం, పూర్ణఘటం, మిథునాలు, పత్రలతలు, ప్రమథగణాలు ఉండాలన్నాడు. మన గడపకు పసుపు, మామిడి తోరణం ఎట్లాగో, గుడి గడపకు మిథునం అట్లాగ. ఈ వరస చేతిలో పెట్టుకొని ద్వారం ముందు నిలబడితే బొమ్మల్లో గందరగోళం పోతుంది. గైడు దొరికితే ఈ పట్టీల గురించే అడగండి. స్థలపురాణం చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, శాఖలు చదివి చెప్పేవాళ్ళు తక్కువ.

ఇక లజ్జాగౌరి. ప్రపంచ కళాచరిత్రలో అలంపూర్ పేరు వినబడటానికి ఈ బొమ్మ కూడా ఒక కారణం. తల ఉండాల్సిన చోట పద్మం, రెండు చేతులూ మడిచి పైకెత్తి, కాళ్ళు ఎడంగా ముడుచుకొని, ప్రసవించే స్త్రీలాగ ఉంటుంది. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1956లో ఒక వ్యాసం రాసి, ఋగ్వేదం పదో మండలంలోని అదితి ఉత్తానపదతో, అంటే కాళ్ళు చాపి ప్రసవించే దేవతల తల్లితో, దీన్ని ముడిపెట్టింది. ఇక్కడి ఆడవాళ్ళ లెక్క వేరు: పరశురాముడు తల నరికిన రేణుక మొండెం ఇది, పిల్లలు కావాలని మొక్కుకునే తల్లి. దీన్ని శృంగారశిల్పం పద్దులో వేయడం నా లెక్కన తప్పు. జంటబొమ్మల పక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది: అక్కడ చూపు, స్పర్శ ఉన్నాయి, ఇక్కడ చూసే ముఖమే లేదు. దీని ముందు నవ్వులు, సెల్ఫీలు మానుకోండి, పక్కనే ఎవరో మొక్కుతో వచ్చి ఉండొచ్చు.

గుళ్ళ పక్కనే మ్యూజియం ఉంది, చిన్నదే గాని విగ్రహాలు గట్టివి. రాష్ట్ర పురావస్తు మ్యూజియాలకు శుక్రవారం సెలవు. శుక్రవారమే జోగుళాంబకు జనం పోటెత్తుతారు. అంటే ఆ రోజు వస్తే రద్దీ దొరుకుతుంది, మ్యూజియం దొరకదు. మంగళవారం, అమావాస్య, దసరా, శివరాత్రి కూడా వదిలేయండి. బుధ, గురువారాలు మేలు.

ఉండటానికి ఊళ్ళో పర్యాటక శాఖ హరిత హోటల్, దేవస్థానం గదులు ఉన్నాయి. శిల్పం కోసం వచ్చినవాళ్ళకు ఊళ్ళో ఉండటమే లాభం, ఎందుకంటే పొద్దున ఎనిమిదింటి వెలుతురు కర్నూలు నుంచి వచ్చేసరికి సగం అయిపోతుంది. గది దిగగానే వేడినీళ్ళు, ఫ్యాను, దోమల జాలీ చూసుకోండి. పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే మాత్రం పాతిక కిలోమీటర్ల దూరంలోని కర్నూలే నయం, అక్కడ హోటళ్ళు ఎక్కువ, తిండి బాగుంటుంది. అలంపూర్‌లో పొద్దున టిఫిను దొరుకుతుంది, రాత్రి ఎనిమిది దాటితే నమ్మకం లేదు.

రెండు కిలోమీటర్ల దూరంలోని పాపనాశి గుళ్ళు శ్రీశైలం జలాశయం మునక వల్ల తరలించి మళ్ళీ పేర్చినవి. ఇరవైకి పైగా ఉంటాయి, 9–11 శతాబ్దాలవి, మెట్లమెట్ల కప్పులు. జంటల కోసం వెళ్ళకండి, స్తంభాల కోసం వెళ్ళండి, ఒక గంట చాలు. కూడలి సంగమేశ్వరం గుడి కూడా అట్లా తరలి వచ్చిందే.

చెక్కినవాళ్ళు ఎవరు? కట్టించినవాళ్ళ పేర్లు, ఇచ్చిన భూములు, దీపాలకు పెట్టిన గొర్రెలు అన్నీ శాసనాలకెక్కాయి, ఉలి పట్టినవాళ్ళ పేర్లు అరుదు. ఒక దారం కర్ణాటకలోని పట్టదకల్‌లో దొరుకుతుంది. అక్కడి పాపనాథ ఆలయానికీ అలంపూర్ గుళ్ళకూ రూపంలో దగ్గరి పోలిక. ఆ పాపనాథ ఆలయం మీద రేవడి ఓవజ్జ అన్న శిల్పి పేరు ఉంది. ఓవజ్జ అంటే ఉపాధ్యాయుడు, ఒజ్జ. నల్లగొండ, పాలమూరు విశ్వబ్రాహ్మణుల ఇంటిపేర్ల చివర ఇప్పటికీ పలికే 'ఓజు' ఆ మాట వారసత్వమే. కంసాలి వీధిలో ఒక పేరు పిలిస్తే చాళుక్యుల కాలం పలుకుతుందన్నమాట.

రెండో విడత నల్లగొండ వైపు. అలంపూర్ నుంచి నేరుగా అడ్డదారిన పోవాలనుకోకండి, బస్సులు మారి మారి రోజు గడిచిపోతుంది. హైదరాబాద్ వచ్చి మళ్ళీ బయల్దేరితేనే సుఖం, నల్లగొండకు నూరు కిలోమీటర్ల చిల్లర. పట్టణం అంచునే పానగల్లు. కుందూరు చోళుల పచ్చల సోమేశ్వరాలయంలో నాలుగు గర్భగుళ్ళు, డెబ్భై స్తంభాలు. అలంపూర్ ఎర్రటి ఇసుకరాయి దగ్గర అలవాటైన కన్ను ఇక్కడి నల్లరాయికి సర్దుకోవాలి. గట్టిరాయి కాబట్టి నగల పూసలు, మువ్వలు కూడా విడివిడిగా నిలిచాయి. ఇక్కడ శృంగారం జంటల్లో కంటే నర్తకుల్లో ఎక్కువ: మెలితిరిగిన నడుములో, ఎత్తిన పాదంలో. పక్కనే మ్యూజియం, దానికీ శుక్రవారం గొడవే.

నడకదూరంలోని ఛాయా సోమేశ్వరంలో శివలింగం వెనక రోజంతా కదలని స్తంభం నీడ పడుతుంది. లోపలికొచ్చేది నేరుగా ఎండ కాదు, స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే పగటి వెలుతురు, అందుకే సూర్యుడు కదిలినా నీడ కదలదు. మబ్బు పడితే నీడ పలచబడుతుంది. టార్చి వేస్తే అసలుకే పోతుంది, ఆర్పి రెండు నిమిషాలు ఆగండి.

సమయం మిగిలితే సూర్యాపేట పక్కన పిల్లలమర్రి. రేచెర్ల రెడ్ల గుళ్ళు, ఎరకేశ్వరాలయం ఎరకసాని 1208లో కట్టించింది. పాలమూరు పిల్లలమర్రితో తికమక పడకండి, అది మర్రిచెట్టు, మహబూబ్‌నగర్ దగ్గర. గూగుల్ మ్యాపు అడిగినప్పుడు సూర్యాపేట అని చేర్చకపోతే నూటయాభై కిలోమీటర్ల తప్పు దారి పట్టిస్తుంది. బసకు నల్లగొండలో క్లాక్ టవర్, బస్టాండు చుట్టూ లాడ్జీలున్నాయి, ఒక రాత్రికి సరిపోతాయి, రోడ్డువైపు గది తీసుకోకండి.

తిరుగుదారిలో హైదరాబాద్‌లో లక్ష్మాగౌడ్ బొమ్మలు ఏదైనా గ్యాలరీలో పెట్టారేమో కనుక్కోండి. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివి, మన పల్లె ఆడామగల్ని, మేకల్ని, చెట్లని ఒకే కోరికలో కలిపి గీసినవాడు. తెలుగువాళ్ళ శృంగార చిత్రకళలో మొదట చెప్పాల్సిన పేరు. ఆయన ఎచ్చింగ్ (రేకు మీద గీసి అచ్చువేసిన బొమ్మ) ముందు నిలబడితే కాగితం అంచుకు కాస్త లోపల చుట్టూ నొక్కుడు గీత వెతకండి. మైనం పూసిన రేకు మీద సూదితో గీసి, ఆమ్లంలో ముంచి, సిరా నింపి, తడి కాగితంతో యంత్రంలో నొక్కితే ఆ రేకు అంచు పడుతుంది. కింద పెన్సిలుతో 3/25 లాంటి అంకె (ఇరవై అయిదు అచ్చుల్లో మూడోదని), సంతకం ఉంటాయి. నొక్కుడు గీత లేకుండా గీత అంతా చదునుగా ఉంటే అది మామూలు అచ్చు, ఎచ్చింగ్ ధర పెట్టకండి.