జుట్టుకు "ఎస్‌పీఎఫ్ 50", "రోజంతా వాటర్‌ప్రూఫ్" అని రాసి ఉన్న స్ప్రేలు కొనేవారికి హెచ్చరిక

సముద్రస్నానానికి వెళ్లే ముందు జుట్టుకు రక్షణగా ఏదైనా స్ప్రే కొందామని చూస్తున్నవారు, ముఖ్యంగా పొడవు జుట్టు ఉన్నవారు, డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. "వెంట్రుకలకు ఎస్‌పీఎఫ్ 50", "ఉప్పునీటి నుంచి పూర్తి రక్షణ", "రోజంతా వాటర్‌ప్రూఫ్" అనే మూడు హామీలూ ముందు లేబుల్ మీదే ఉన్న ఒక స్ప్రేను నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, సీసా మీద చెప్పినట్టే వాడాను. ఆ మూడింటిలో ఒక్కటీ నిలబడలేదు. నడుము దాకా ఉన్న నా జుట్టు కింది భాగం గరుకెక్కి రాగిరంగుకు తిరిగింది, పాపిట పొడవునా మాడు కమిలింది. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇవే హామీలు అచ్చువేసుకున్న సీసాలు ఎన్నో పేర్లతో రావచ్చు కాబట్టి, ఒక పేరును గుర్తుపెట్టుకోవడం కన్నా ఆ హామీలను గుర్తుపట్టడమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

సూచనల ప్రకారం నీటిలో దిగడానికి ముందు పొడి జుట్టు మీద స్ప్రే చల్లుకుని, ఆరనిచ్చి, పాపిట మీద విడిగా మరోసారి చల్లుకున్నాను. టోపీతో పనిలేదని ప్రకటనలో స్పష్టంగా రాసి ఉంది. ఒడ్డుకు వచ్చాక జుట్టు ఆరుతుండగానే వెంట్రుకలు పాయలు పాయలుగా అంటుకుని, కొబ్బరి పీచులా బిరుసెక్కాయి. సాయంత్రం తలస్నానం చేసి దువ్వుకుంటే దువ్వెన పళ్ల మధ్య చిన్న చిన్న తునకలు మిగిలాయి. వాటిని తెల్లకాగితం మీద పరిచి చూశాను. సహజంగా రాలిన వెంట్రుకకు ఒక కొసన చిన్న తెల్లటి బొడిపె ఉంటుంది. నా దువ్వెనలోని తునకల్లో చాలావాటికి అది లేదు, అంటే అవి కుదురు నుంచి ఊడినవి కావు, మధ్యలో తెగిపోయినవి. జుట్టు రాలుతోందని కంగారుపడి కుదుళ్లకు మందులు కొనే ముందు ఎవరైనా ఈ పరీక్ష చేసుకోవచ్చు, ఎందుకంటే తెగే జుట్టుకు కుదుళ్ల మందు పనిచేయదు.

మర్నాటికి పాపిట ఎర్రటి గీతలా తేలింది, దువ్వెన తగిలితే మంట పుట్టింది, ఆ తర్వాత పొట్టు రాలడం మొదలైంది. ఈ పొట్టును చుండ్రు అనుకునే ప్రమాదం ఉంది. ఎండకు కమిలిన చర్మం పలుచని పొరలుగా లేస్తుంది, అదీ ఎండ నేరుగా తగిలిన చోట, అంటే పాపిట, సుడి, నుదుటి అంచుల్లోనే ఎక్కువగా లేస్తుంది. చుండ్రుకు అలాంటి హద్దు ఉండదు. కమిలిన మాడు మీద చుండ్రు షాంపూ రుద్దితే మంట మరింత పెరగవచ్చు.

ఇక ఆ హామీల సంగతి. ఎండ నుంచి చర్మానికి ఎంత రక్షణ ఉంటుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అనే అంకెను మనిషి చర్మం మీద కొలుస్తారు. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున సన్‌స్క్రీన్ పూసి, పూయని చర్మంతో పోలిస్తే అది ఎర్రబడడానికి ఎన్ని రెట్ల అతినీలలోహిత కిరణాలు కావలసివచ్చాయో చూసి ఆ అంకె వేస్తారు. వెంట్రుక ఎర్రబడదు. అందులో రక్తనాళాలు లేవు, ప్రాణమున్న కణాలూ లేవు. కనుక వెంట్రుకకు ఎస్‌పీఎఫ్ 50 అన్న మాటకు ఆ కొలత ప్రకారం అర్థమే లేదు. పోనీ ఆ అంకె మాడుకు వర్తిస్తుందని అనుకుందామా అంటే, స్ప్రే చల్లినప్పుడు అందులో ఎక్కువ భాగం వెంట్రుకల మీదే ఆగిపోతుంది, చర్మాన్ని చేరేది పలుచని తుంపర మాత్రమే. అంకె వేయడానికి పూసినంత మందంలో కొద్ది వంతు మాత్రమే పాపిటకు అందుతుంది. నా పాపిట కమలడానికి కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను.

"వాటర్‌ప్రూఫ్" అన్న మాట ఇంతకన్నా బలమైన ప్రమాద సూచన. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో చేసిన నిబంధనల ప్రకారం సన్‌స్క్రీన్ లేబుళ్ల మీద "వాటర్‌ప్రూఫ్", "స్వెట్‌ప్రూఫ్", "సన్‌బ్లాక్" అనే మాటలు రాయకూడదు. పరీక్షలో నిలిస్తే "వాటర్ రెసిస్టెంట్" అని, అదీ 40 నిమిషాలా 80 నిమిషాలా అన్నది చెబుతూ మాత్రమే రాయాలి. నీటిలో నిలవడమనేది గంటన్నర కూడా దాటి హామీ ఇవ్వలేని సంగతి అయినప్పుడు "రోజంతా" అని రాసిన తయారీదారు ఏ పరీక్ష చేశాడో అడగవలసిందే. నేను అడిగాను, జవాబు రాలేదు.

సీసాలో అసలు ఏముందో వెనకవైపు, రెండు పొరల స్టిక్కర్‌ను గోటితో లేపితే గాని కనబడని చిన్న అక్షరాల్లో ఉంది. పదార్థాల జాబితాను పరిమాణం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది చాలా దేశాల్లో నియమం. ఒక శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాయవచ్చు. నా సీసా మీద మొదట నీరు, ఆ తర్వాత ఆల్కహాల్ డీనాట్ (తాగడానికి పనికిరాకుండా చేసిన, జుట్టును పొడిబార్చే ఆల్కహాల్), ఆ వెంటనే "మారిస్ సాల్", పిమ్మట సువాసన ద్రవ్యం, అన్నిటికన్నా చివర బెంజోఫెనోన్-4 ఉన్నాయి. మారిస్ సాల్ అంటే సముద్రపు ఉప్పు. ఉప్పు నుంచి రక్షిస్తుందని అమ్మిన సీసాలో మూడో పదార్థం ఉప్పే. జుట్టుకు అలల్లాంటి వంపులు తెచ్చే స్టైలింగ్ స్ప్రేలలో ఇలా ఉప్పును కలుపుతారు. నాకు అమ్మింది అలాంటి స్ప్రేనే, పైన లేబుల్ మాత్రం రక్షణది. పోతే బెంజోఫెనోన్-4 అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పదార్థమే, కాని అది నీటిలో కరుగుతుంది, పారదర్శకమైన సీసాల్లోని ద్రవం రంగు వెలిసిపోకుండా కాపాడడానికి కూడా దాన్ని విరివిగా వాడతారు. జాబితా అడుగున దాని పేరు కనబడినంత మాత్రాన మన జుట్టును అది కాపాడుతుందని అనుకోకూడదు.

ఇలాంటివన్నీ మోసమేనని నేను అనడం లేదు. వెంట్రుకను అంటిపెట్టుకుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఫిల్టర్లు నిజంగానే ఉన్నాయి. పాలీక్వాటర్నియం-59, సిన్నమిడోప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్ అటువంటివి. దెబ్బతిన్న వెంట్రుక ఉపరితలం మీద రుణావేశం ఉంటుంది, ఇవి ధనావేశం ఉన్నవి కాబట్టి కొంత అతుక్కుంటాయి. వీటిని కలిపిన స్ప్రేలు, సెరమ్‌లు రంగు వెలిసిపోవడాన్ని కొంత తగ్గించగలవు. అంతకు మించి హామీ ఇస్తే మాత్రం సందేహించండి.

ఈ నష్టాన్ని తేలికగా తీసుకోవద్దని ఇంతగా చెప్పడానికి కారణం, వెంట్రుకకు తనంతట తాను మానే శక్తి లేకపోవడమే. వెంట్రుక పైభాగాన ఇంటి పెంకుల్లా ఒకదానిమీదొకటి కప్పుకున్న సన్నని పొలుసులు ఉంటాయి, వాటి మీద కంటికి కనిపించని కొవ్వు పొర ఉంటుంది. ఎండ ఆ కొవ్వు పొరను పాడుచేస్తుంది, లోపల ఉండే కెరటిన్ అనే ప్రొటీన్ బంధాలను తెంచుతుంది, నల్లరంగునిచ్చే మెలనిన్‌ను వెలసిపోయేలా చేస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, పీహెచ్ 8.1 ప్రాంతంలో ఉండి కొద్దిగా క్షారగుణం చూపుతుంది. క్షారం తగిలితే పొలుసులు పైకి లేస్తాయి. తడిసిన వెంట్రుక ఉబ్బుతుంది, సాగుతుంది, పొడిగా ఉన్నప్పటి బలం దానికి ఉండదు. ఆరేకొద్దీ నీరు పోయి ఉప్పు స్ఫటికాలు మిగిలి, పక్క వెంట్రుకలను గీరుతూ చిక్కులు పెంచుతాయి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, 60 సెంటీమీటర్ల జడ కొసన ఉన్న వెంట్రుక వయసు ఐదేళ్లు. అన్ని ఎండలూ అన్ని తలస్నానాలూ చూసిన ఆ కొసలే ముందు చిట్లుతాయి, అవి చిట్లితే కత్తిరించడం తప్ప మార్గం లేదు. "రిపేర్" అని రాసి ఉన్న క్రీములు చిట్లిన కొసలను కొంతకాలం అంటించి ఉంచగలవు, అంతే.

కమిలిన పాపిట, తెగిన వెంట్రుకలు, వెనక లేబుల్ ఫోటోలతో సహా ఫిర్యాదు పంపితే, సీల్ తీసిన సరుకును తాము వాపసు తీసుకోబోమని అమ్మకందారు బదులిచ్చాడు. కొద్ది రోజులకు ప్రకటన పేజీలో "వాటర్‌ప్రూఫ్" అన్న మాట మాయమైంది, నేను రాసిన రివ్యూ కూడా కనిపించలేదు. అందుకే ఇలాంటి వస్తువు ఏది కొన్నా ముందు ప్రకటన పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. పార్సిల్ వచ్చాక సీల్ తీయకముందే నాలుగు వైపులా లేబుల్ ఫోటో తీసి, పదార్థాల జాబితా చదవండి. ప్రకటన పేజీలో పదార్థాల జాబితా ఇవ్వని వస్తువును కొనకపోవడమే మంచిది. ఆల్కహాల్ డీనాట్ మొదటి రెండు మూడు స్థానాల్లో ఉన్నా, మారిస్ సాల్, సోడియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ వంటి లవణాలు పైవరుసల్లో ఉన్నా, సముద్రస్నానానికి అది పనికిరాదు.

మాడును కాపాడే పనిని స్ప్రేకు అప్పగించకండి. అంచు కనీసం 7.5 సెంటీమీటర్లున్న, నేత దగ్గరగా ఉన్న టోపీ ఏ సీసా కన్నా ఎక్కువ పని చేస్తుంది. కన్నాలున్న గడ్డి టోపీల గుండా ఎండ నేరుగా దిగుతుంది కాబట్టి వాటిని నమ్ముకోలేం. బట్టల విషయంలో యూపీఎఫ్ అనే అంకె ఉంటుంది, యూపీఎఫ్ 50 అంటే పడిన కిరణాల్లో యాభయ్యో వంతు మాత్రమే లోపలికి వస్తుందని అర్థం. నీటిలో మునిగి ఉన్నాం కదా అని ధీమా పడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అర మీటరు లోతులో కూడా ఉపరితలం మీద ఉన్న అతినీలలోహిత కిరణాల్లో 40 శాతం ఉంటాయి, పొడి ఇసుక సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురుగు సుమారు 25 శాతాన్ని తిరిగి మన మీదికే కొడతాయి. టోపీ పెట్టుకోలేని చోట, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న, వాటర్ రెసిస్టెంట్ అని రాసిన జెల్ లేదా లోషన్‌ను వేలికొసతో పాపిట వెంబడి చర్మానికి అంటేలా రాయండి. రెండు గంటలకొకసారి, నీటిలోంచి వచ్చిన ప్రతిసారి మళ్లీ రాయాలి. పాపిట తీయకుండా వెనక్కి దువ్వి జడ వేసుకుంటే ఎండకు చిక్కే చర్మం బాగా తగ్గుతుంది.

వెంట్రుకల విషయానికి వస్తే, సముద్రంలో దిగే ముందు మంచినీటితో జుట్టును పూర్తిగా తడపడం అన్నిటికన్నా తేలికైన పని. అప్పటికే నీరు పీల్చుకున్న వెంట్రుక ఉప్పునీటిని తక్కువగా పీలుస్తుంది. ఆ తడి మీద కొబ్బరినూనె గాని, కడగకుండా వదిలేసే కండిషనర్ గాని మధ్య నుంచి కొసల దాకా పట్టించండి. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్‌లను పోల్చి చూస్తే, వెంట్రుక నుంచి ప్రొటీన్ పోవడాన్ని గణనీయంగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది కావడంతో వెంట్రుక లోపలికి చొరబడగలదు. అయితే నూనె సన్‌స్క్రీన్ కాదు, మాడుకు నూనె రాసుకుని ఎండలో కూర్చోవద్దు. పట్టించాక జడ అల్లి, కొసను లోపలికి మడిచి కట్టేయండి. విరబోసిన జుట్టుతో పోలిస్తే అల్లిన జడలో ఎండ, గాలి, ఉప్పు తగిలే భాగం తక్కువ. ఈత టోపీ నీటిని పూర్తిగా ఆపదు గాని రాపిడిని బాగా తగ్గిస్తుంది. ఒడ్డుకు రాగానే, ఉప్పు ఆరకముందే, మంచినీటితో జడ మీదుగానే ఒకసారి కడిగేయండి. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, కండిషనర్ రాసి, పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయండి.

మాడు మీద బొబ్బలు వచ్చినా, ఎండలో తిరిగాక జ్వరం, తలనొప్పి, వాంతులు ఉన్నా ఇంటి చిట్కాలతో ఆగకుండా వైద్యులను కలవండి.

ఇలాంటి సీసా ఇప్పటికే కొన్నవారు దాన్ని పారేయకండి. మూత, పెట్టె, బ్యాచ్ నంబరు కనిపించే అడుగుభాగం, వెనక స్టిక్కర్ అన్నీ ఉంచుకుని, "నాకు నచ్చలేదు" అని కాక, "ప్రకటనలో చెప్పినదానికీ లేబుల్ మీది పదార్థాలకూ పొంతన లేదు" అని రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సీల్ తీశారన్న సాకుతో మొదటి రకం ఫిర్యాదును తోసిపుచ్చడం సులువు, రెండో దానికి మాత్రం ప్రకటన స్క్రీన్‌షాట్, లేబుల్ ఫోటో పక్కపక్కన పెట్టి చూపిస్తే అమ్మకందారు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అప్పటికీ స్పందించకపోతే అవే కాగితాలతో మీ ప్రాంతంలోని వినియోగదారుల ఫిర్యాదుల విభాగానికి వెళ్లవచ్చు.