నిద్ర ట్రాకర్లు: బ్యాండా, ఉంగరమా?
మొత్తం ఎన్ని గంటలు నిద్రపోయామో చెప్పడానికి మణికట్టు బ్యాండ్, వేలి ఉంగరం రెండూ బాగానే పనికొస్తాయి. గాఢనిద్ర, రెమ్ నిద్ర (కలలు ఎక్కువగా వచ్చే దశ) లెక్కల్ని మాత్రం నిమిషాలతో సహా నమ్మొద్దు. ల్యాబ్‌లో తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు తరంగాలు చూస్తారు. ఈ ట్రాకర్లు కదలికనీ, నాడినీ బట్టి అంచనా వేస్తాయి, అంతే. నిద్రపట్టక కదలకుండా పడుకున్నా చాలాసార్లు నిద్ర కిందే రాసేస్తాయి. నిద్రలేమి ఉన్నవాళ్లకు ఇదే పెద్ద లోపం.

బ్యాండ్ వదులైతే సెన్సర్‌కి బయటి వెలుతురు తగిలి నాడి లెక్క తప్పుతుంది. మణికట్టు ఎముకకు వేలెడు పైన, కదలనంత బిగువుగా, అచ్చు పడకుండా పెట్టుకోవాలి. సిలికాన్ పట్టీ కింద చెమట, సబ్బు నిలిచి దద్దుర్లు వస్తాయి. రాత్రికి బట్ట పట్టీ మేలు.

హాయి అంటే ఉంగరమే. సెన్సర్ అరచేతి వైపు ఉండాలి. వేళ్లు పగలూ రాత్రీ ఒకే లావు ఉండవు, కాబట్టి కొలత ఉంగరంతో ఒక రాత్రి పడుకున్నాకే సైజు తేల్చుకోండి.