కోచ్‌ను వెతికిపెట్టే సేవ: రూ.70,800కు మా కాలేజీకి దక్కినది

బెంగళూరులోని మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ కోచ్‌ను వెతికిపెట్టమని ఈ వేసవిలో ఒక క్రీడా నియామక సంస్థను ఆశ్రయించాము. అయిదుగురు సభ్యుల ఎంపిక సంఘంలో నేనొకడిని. పాఠం చెప్పేది కామర్సు, పుట్టింది అనంతపురం జిల్లా, ఫుట్‌బాల్ ఆడింది డిగ్రీ రెండో సంవత్సరం దాకా మాత్రమే. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి సేవలు నగరంలో ఇంకా ఉన్నాయని, వాటి పనితీరు కూడా దాదాపు ఇదే అచ్చులో ఉంటుందని మా ఫిజికల్ డైరెక్టర్ గారు అన్నారు కనుక, ఇకపై డబ్బు పెట్టబోయే మరో కాలేజీవారికి పేరు కన్నా మా అనుభవమే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

కోచ్ జీతం నెలకు రూ.60,000 అని మేము ముందే నిర్ణయించుకున్నాము. సంస్థ రుసుము ఒక నెల జీతం; దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.70,800 అయింది. ఈ సొమ్ముకు వారు ప్రకటన ఇస్తారు, దరఖాస్తులు వడపోస్తారు, ధ్రువపత్రాలు తనిఖీ చేస్తారు, వీడియోలో ఇంటర్వ్యూలు జరిపి మార్కుల పట్టికతో నివేదిక అందజేస్తారు. నియమితుడు 90 రోజుల్లోపు మానేస్తే మరొకరిని ఉచితంగా వెతికిపెడతామన్న హామీ కూడా ఒప్పందంలో ఉంది. మొత్తం పనికి అయిదు వారాలు గడువు అడిగారు, అయిదు వారాల్లోనే పూర్తిచేశారు. ఈ విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ధ్రువపత్రాల తనిఖీ ఈ సేవలో అన్నిటికన్నా మేలైన భాగం. ఫుట్‌బాల్ కోచింగ్ లైసెన్సుల సంగతి బయటివారికి అంత సులభంగా అర్థం కాదు. కింది మెట్లలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డీ, సీ లైసెన్సులు, వాటిపైన ఆసియా సమాఖ్య బీ, ఏ, ప్రో లైసెన్సులు ఉంటాయి. పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే డిప్లొమా వీటికి సంబంధం లేని వేరే చదువు. అభ్యర్థులు వీటన్నిటినీ ఒకే వరుసలో గుదిగుచ్చి రాస్తే, మాలాంటివాళ్లం చదివి తలలూపడం తప్ప చేయగలిగింది తక్కువ. మాకు వచ్చిన 41 దరఖాస్తుల్లో ఒకాయన బీ లైసెన్సు ఉన్నట్టు రాశారు. సంస్థవారు ఆరా తీయగా ఆయన ఆ కోర్సుకు హాజరయ్యారే గానీ తుది పరీక్షలో ఇంకా నెగ్గలేదని తేలింది. ఆయన అబద్ధమాడారని నేను అనను, హాజరైన పత్రాన్ని ఆయన అలా అర్థం చేసుకొని ఉండవచ్చు. అయినా ఆ తేడాను మేము మా అంతట మేము పట్టుకొనేవాళ్లం కాదు. మా మైదానంలో పీయూసీ (ఇంటర్మీడియట్) పిల్లలు కూడా ఆడతారు, వారిలో చాలామందికి పద్దెనిమిదేళ్లు నిండవు కాబట్టి పోలీసు ధ్రువీకరణ తప్పనిసరి అన్నాము. దాన్ని కూడా ఆరుగురు తుది అభ్యర్థులందరికీ, మేము మళ్లీ గుర్తుచేయకుండానే పూర్తిచేసి తెచ్చారు.

చిక్కు వచ్చింది మార్కుల దగ్గర. నూరు మార్కుల్లో 40 గెలుపు శాతానికి, 20 లైసెన్సుకు, 15 ఆటగాడిగా ఉన్న చరిత్రకు, 15 ఇంటర్వ్యూకు, మిగిలిన 10 సిఫారసులకు కేటాయించారు. గెలుపు శాతానికి 40 మార్కులు సబబే కదా అని మొదట మాకూ అనిపించింది. తీరా నివేదిక తెరిచి చూస్తే మొదటి ర్యాంకు అభ్యర్థికి 71 శాతం గెలుపులున్నాయి. కానీ ఆ మ్యాచ్‌లన్నీ రాత్రిపూట గంటకింత అని అద్దె కట్టి ఆడే చిన్న టర్ఫ్‌ల మీద, ఐటీ కంపెనీల జట్ల మధ్య జరిగిన అయిదుగురి పోటీలు. అయిదో ర్యాంకు అభ్యర్థికి 38 శాతమే. ఆయన జట్టు మాత్రం ఈ నగరపు లీగులో కింది డివిజన్లలో, తమకన్నా వయసులోనూ బలంలోనూ పెద్దవైన క్లబ్బులతో పదకొండు మంది ఆట ఆడింది. ఈ రెండు అంకెలనూ ఒకే త్రాసులో వేయడం ఎలా కుదురుతుందని అడిగితే, పద్ధతి అందరికీ ఒకటే కాబట్టి న్యాయంగానే ఉందని జవాబిచ్చారు. కొలబద్ద ఒకటే కావచ్చు, కానీ దానితో పాలను, బట్టను కూడా కొలిచారన్నది నా ఆక్షేపణ.

ఆ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో అనుబంధంలోని ప్రశ్నావళి చూశాక అర్థమైంది. పదకొండో ప్రశ్న, అభ్యర్థికి 'అఫెన్సివ్ కోఆర్డినేటర్'గా, అంటే దాడి ఆటను నడిపే కోచ్‌గా, అనుభవం ఉందా అని. పద్నాలుగోది, 'క్వార్టర్‌బ్యాక్'లకు, అంటే బంతి విసిరి ఆట నడిపే ఆటగాళ్లకు, తర్ఫీదు ఇచ్చారా అని. మా వాళ్లు ఆడేది కాళ్లతో తన్నే ఫుట్‌బాల్. ఈ ప్రశ్నలు చేత్తో విసిరే కోలబంతితో అమెరికా కాలేజీలు ఆడే ఫుట్‌బాల్‌కు చెందినవి. పాపం ఒక అభ్యర్థి ఆ పద్నాలుగో ప్రశ్నకు 'అవును, మూడేళ్లు' అని రాసి, దానికి మార్కులు కూడా సంపాదించాడు.

అమెరికాలో ఆ కొలతకు కొంత అర్థం ఉంది. అక్కడ పై శ్రేణి కాలేజీ జట్టు ప్రతిదీ సీజనుకు సాధారణంగా 12 మ్యాచ్‌లు, ఎక్కువ భాగం తన కాన్ఫరెన్సులోని (జట్ల కూటమిలోని) తెలిసిన ప్రత్యర్థులతో ఆడుతుంది, పెద్ద జట్ల ఆట అంతా టీవీలో వస్తుంది. అలబామా యూనివర్సిటీలో 17 సీజన్లు హెడ్ కోచ్‌గా పనిచేసిన నిక్ సేబన్ 2024 జనవరి 10న తప్పుకుంటే, ఆ యూనివర్సిటీ రెండు రోజుల్లోనే వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి కోచ్ కేలెన్ డిబోర్‌ను తెచ్చుకోగలిగిందంటే, ఆయన జట్ల ఆట ఎలాంటిదో దేశమంతటికీ ముందే తెలిసి ఉండటం వల్లనే. అంత సమాచారమున్నచోట కూడా పొరపాట్లు జరుగుతాయి: టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వారు 2023 నవంబరులో తమ కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించినప్పుడు ఒప్పందం ప్రకారం ఆయనకు చెల్లించవలసి వచ్చిన మొత్తం సుమారు 7.6 కోట్ల డాలర్లు. మన అంతర్ కళాశాలల పోటీలు మాత్రం చాలావరకు నాకౌట్‌లు. ఒక్క పెనాల్టీ బయటికి పోతే ఆ ఏడాది ఆట ముగిసినట్టే. ఏడాదికి అయిదారు మ్యాచ్‌ల మీద శాతాలు కట్టి మనిషిని తూచడం నాకు సమంజసంగా తోచలేదు.

ఆటగాడి చరిత్రకు 15 మార్కులన్నప్పుడు నాకు మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం గారు గుర్తుకొచ్చారు. ఆయన వృత్తి బడిలో పాఠాలు చెప్పడం. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు, అప్పట్లో పేరున్న ఫుట్‌బాల్ పోటీ అయిన రోవర్స్ కప్పు గెలుపుకు నడిపించారు. భారత జట్టుకు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే వచ్చాయి. ఈ పట్టికలో రహీం గారికి ఆటగాడి చరిత్ర కింద ఎన్ని మార్కులు పడేవని నేను సంస్థ ప్రతినిధిని అడిగాను. ఆ యువకుడు మర్యాదస్తుడు. కాస్త ఆలోచించి, 'మూడు పడతాయి సార్' అన్నాడు.

మైదానంలో ప్రత్యక్షంగా శిక్షణ ఇప్పించి చూడటం ప్యాకేజీలో లేదన్నారు. అది మేమే ఏర్పాటు చేసుకున్నాము. ముగ్గురు అభ్యర్థులు, మూడు ఉదయాలు, ఆరున్నర నుంచి ముప్పావు గంట చొప్పున, అవే 22 మంది కుర్రాళ్లు. మా జట్టులో మలప్పురం వాళ్లున్నారు, మణిపూర్ వాళ్లున్నారు, కోలారు, చిత్తూరు పిల్లలున్నారు. అందరికీ కలిసివచ్చే భాషంటూ ఒకటి లేదు, ఉన్నది సగం కన్నడం, సగం హిందీ.

మొదటి ర్యాంకు అభ్యర్థి చూడముచ్చటగా ఏర్పాట్లు చేశారు. మైదానంలో రంగురంగుల కోన్‌లు, నిచ్చెన ఆకారపు పట్టీలు, చేతిలో ట్యాబ్. పిల్లలు రెండు వరుసల్లో నిలబడి, తమ వంతు వచ్చినప్పుడు కోన్‌ల మధ్య బంతిని నడిపించి మళ్లీ వరుస చివరికి చేరుకున్నారు. నేను మా కుడి వింగర్ (మైదానం కుడి అంచున ఆడేవాడు) ఒక్కడినే గమనిస్తూ కూర్చున్నాను: మొదటి ఇరవై నిమిషాల్లో ఆ అబ్బాయి కాలికి బంతి తొమ్మిది సార్లు తగిలింది. మిగతా సమయమంతా వాడు నడుం మీద చేతులు పెట్టుకొని ముందున్నవాడి వీపు చూస్తూ నిలబడ్డాడు. రెండో అభ్యర్థి గురించి రాయవలసింది పెద్దగా లేదు. నలభై అయిదు నిమిషాల్లో ముప్పై నిమిషాలు ఆయనే మాట్లాడారు.

అయిదో ర్యాంకులో ఉన్న హిందూపురం ఆయన మూడో ఉదయం వచ్చారు. ఎనిమిది బంతులు, జట్లను గుర్తుపట్టేందుకు రెండు రంగుల బిబ్‌లు (పైన వేసుకునే బనియన్లు) తప్ప ఏమీ తేలేదు. పిల్లలను నలుగురేసి జట్లుగా విడగొట్టి చిన్న చిన్న గళ్లలో ఆడించారు. మిగిలిన ఇద్దరు, బంతి ఏ జట్టు దగ్గరుంటే ఆ జట్టు పక్షాన ఆడాలి. అదే వింగర్ బంతి తాకడం అరవై దాటాక నేను లెక్క వదిలేశాను. ఒకచోట ఆటను ఆపి, మణిపూర్ కుర్రాడి భుజం పట్టుకొని రెండడుగులు పక్కకు జరిపి, 'ఇప్పుడు నీకు ఎవరు కనిపిస్తున్నారు?' అని హిందీలో అడిగారు. ఆరునెలలుగా నోరు విప్పగా మేమెరుగని ఆ అబ్బాయి ఖాళీగా ఉన్న స్నేహితుడి వైపు వేలు చూపించాడు. 'అయితే ఇయ్యి మరి' అన్నారాయన, ఈసారి తెలుగులో. ఆ మాటకు అర్థం తెలియకపోయినా వాడు పాస్ ఇచ్చాడు. లోపాలు లేవని కాదు: గోల్‌కీపర్ మీద అనవసరంగా గొంతు పెంచారు, చివర ఒళ్లు చల్లబరిచే వ్యాయామానికి సమయం మిగుల్చుకోలేదు.

ఇంటర్నల్ పరీక్షల వారంలో తొమ్మిది మంది రాకపోతే ఏం చేస్తారన్న ప్రశ్న ముగ్గురినీ అడిగాము. మొదటాయన హాజరు మినహాయింపు కాలేజీ ఇవ్వాలన్నారు. హిందూపురం ఆయన జేబులోంచి అట్ట ఊడిన నోటు పుస్తకం తీసి, 'పదమూడు మందితో చేయించేవి వేరే రాసి పెట్టుకుంటాను సార్' అని చూపించారు.

సిఫారసుల తనిఖీ సేవలో అత్యంత బలహీనమైన భాగం. అభ్యర్థి ఇచ్చిన నంబర్లకే ఫోన్ చేసి, అవతలివారు పొగిడిన మాటలను శుభ్రమైన ఇంగ్లీషులో టైపు చేసి జతపరిచారు. నేను ఒక సాయంత్రం హిందూపురం ఆయన అంతకుముందు పనిచేసిన మైదానానికి వెళ్లి, గీతలు గీసి నీళ్లు పట్టే కుప్పం పెద్దాయనను కదిలించాను. 'ఆయప్ప వానొచ్చినా వస్తాడు సార్, పిల్లోళ్లు రాకున్నా వస్తాడు. కోపమెక్కువ, అదొకటే' అన్నాడు. ఆరు పేజీల సిఫారసుల్లో లేని కోపం సంగతి, మేము గోల్‌కీపర్ విషయంలో కళ్లారా చూసిన సంగతి, అక్కడ ఒక్క మాటలో దొరికింది. ఇంటర్వ్యూలో ఆ మాటే సూటిగా అడిగితే ఆయన దాచుకోలేదు.

మేము ఆయననే నియమించాము. అప్పుడు సంస్థ ఒక మెలిక పెట్టింది: మొదటి మూడు ర్యాంకుల వెలుపలి వ్యక్తిని తీసుకున్నారు కనుక 90 రోజుల హామీ వర్తించదని రాసింది. ఒప్పందం మొత్తం రెండుసార్లు చదివాను, అలాంటి షరతు ఎక్కడా లేదు. రెండు ఉత్తరాలు రాశాక వెనక్కి తగ్గారు గానీ, ఆ రెండు వారాలు మేము పడిన చిరాకు రుసుములో కలపలేదు. మళ్లీ అవసరం పడితే ధ్రువపత్రాల తనిఖీకి, పోలీసు ధ్రువీకరణకు మాత్రమే వారితో ధర మాట్లాడతాను, ర్యాంకులు వద్దంటాను. మైదానంలో ఒక ఉదయం కూర్చోగల మనుషులు సంఘంలో లేని కాలేజీలు మాత్రం ఈ నివేదికను నమ్మి సంతకం పెట్టవద్దని నా సలహా.

అయిదు నక్షత్రాలకు మూడు ఇచ్చాను. సంస్థవారు కారణాలు అడిగితే పై సంగతులన్నీ రాసి పంపాను. గత వారం మా పక్క కాలేజీవారికి వారు పంపిన కొత్త ప్రశ్నావళి చూశాను. క్వార్టర్‌బ్యాక్ ప్రశ్న తీసేశారు. గెలుపు శాతానికి 40 మార్కులు అలాగే ఉన్నాయి.