ఏడాది ట్రావెల్ పాలసీ: నన్ను బాగానే చూసుకుంది, నా పక్కన ఉన్నామెను మాత్రం లెక్కలోకే తీసుకోలేదు

కవరేజీ ఎన్ని డాలర్లు, ప్రీమియం ఎంత, బ్యాగు పోతే ఎంతిస్తారు లాంటివి ఎక్కడ వెతికినా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నాది ఒకసారి కడితే ఏడాదిలో ఎన్నిసార్లైనా వెళ్లొచ్చే మల్టీ ట్రిప్ పాలసీ. కొన్నేళ్లుగా అదే రెన్యూ చేస్తున్నా. నేను చెప్పబోయే లోటు ఆ తర్వాత చదివిన మరికొన్ని పాలసీల్లోనూ కనిపించింది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. ఇన్నాళ్లూ ఎవరడిగినా ‘కళ్లు మూసుకుని తీసుకో’ అనేదాన్ని. థాయ్‌లాండ్‌లోని క్రాబీలో డెంగీతో మంచం పట్టాక కూడా తీసుకోమనే చెప్తున్నా, కాకపోతే మీకోసం ఆగిపోయే మనిషి ఖర్చు ఎవరు పెట్టుకోవాలో బయల్దేరే ముందే మాట్లాడుకోండి అని కలుపుతున్నా.

కాలేజీ నాటి స్నేహితురాళ్లం ఐదుగురం హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కణ్ణుంచి క్రాబీ వెళ్లాం. పడవ మీద దీవులన్నీ తిరిగొచ్చిన సాయంత్రం నాకు ఒకటే చలి, కళ్ల వెనక పీకేస్తున్నంత నొప్పి. అందరం ఎండదెబ్బ అనుకున్నాం. మాలో ఒకామె దగ్గర ఒళ్లు నొప్పులకు వాడే ఐబుప్రోఫెన్ ఉంటే ఇవ్వబోయింది. ఎందుకైనా మంచిదని ఆవో నాంగ్‌లో మా హోటల్ పక్కనున్న మందుల షాపుకు వెళ్తే, అక్కడి ఫార్మసిస్టు నా మొహం చూసి, ఫోన్‌లో దోమ బొమ్మ తీసి చూపించి, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దే వద్దు, పారాసిటమాల్ ఒక్కటే వేసుకుని రక్త పరీక్షకు వెళ్లండి అని పంపించింది. డెంగీ ఉంటే ఆ మాత్రలు రక్తస్రావం ముప్పు పెంచుతాయట. ఆ అమ్మాయికి ఈ రోజుకీ మనసులో దండం పెట్టుకుంటా.

ఆ రాత్రే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డెంగీని తేల్చే ఎన్‌ఎస్1 రక్త పరీక్ష పాజిటివ్ వచ్చింది, అడ్మిట్ కమ్మన్నారు. కౌంటర్‌లో పాస్‌పోర్ట్ అడిగారు, ఆ వెంటనే ఇన్సూరెన్స్. పాలసీ పీడీఎఫ్ చూపిస్తే, బిల్లు మేమే కడతామని మీ కంపెనీ నుంచి గ్యారంటీ లెటర్ వచ్చేదాకా 20,000 బాత్ డిపాజిట్ కట్టాలన్నారు. మన డబ్బులో యాభై వేలకు దగ్గర. నా కార్డులో విదేశీ లిమిట్ అంత లేదు. మా వైజాగ్ ఫ్రెండ్ ఒక్క మాట మాట్లాడకుండా తన క్రెడిట్ కార్డు తీసి మెషీన్‌లో పెట్టింది. ‘నువ్వెళ్లి పడుకోవే, మిగతాది నేను చూసుకుంటా’ అంది. క్యాష్‌లెస్ ఉన్నా మొదటి రాత్రి డబ్బు మన చేతిలోంచే పడొచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

ఇక హెల్ప్‌లైన్. దీన్ని మెచ్చుకోకుండా ఉండలేను. అర్ధరాత్రి దాటాక చేసినా మనిషే ఎత్తాడు, ఫోన్ పెట్టేలోగా కేసు నంబర్ ఇచ్చాడు. పొద్దున వాళ్ల డాక్టరే ఆసుపత్రికి ఫోన్ చేసి మాట్లాడింది, మధ్యాహ్నానికి లెటర్ వచ్చేసింది. ఆ తర్వాత గది, సెలైన్లు, రోజుకు రెండుసార్లు రక్త పరీక్షలు, దేనికీ మమ్మల్ని పైసా అడగలేదు. ఏడాది పాలసీ కావడంతో తిరుగు ప్రయాణం వెనక్కి జరిగినా పొడిగింపు కోసం ఎవరినీ బతిమాలాల్సిన పని పడలేదు. మేం వెళ్లినప్పుడు మనవాళ్లకు థాయ్‌లాండ్‌లో 60 రోజుల వీసా మినహాయింపు ఉంది కాబట్టి ఆ టెన్షన్ కూడా లేదు.

కానీ ఆసుపత్రి గదిలో ఆ రోజులు గడిచింది ఆ లెటర్ ఒక్కదాని వల్లే కాదు. ప్లేట్‌లెట్లు 62 వేలకు పడ్డాయి. ఇంటి నుంచి అమ్మ పూటకోసారి ప్లేట్‌లెట్లు ఎంతని అడగడం, పిన్ని బొప్పాయి ఆకు రసం తాగించమనడం. అక్కడి డాక్టర్ మాత్రం ప్లేట్‌లెట్ల కన్నా హెమటోక్రిట్ మీదే, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం మీదే కన్నేసి ఉంచాడు. అది పెరుగుతోందంటే రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి రక్తం చిక్కబడుతోందని అర్థం. జ్వరం తగ్గిన రోజు మేమంతా హమ్మయ్య అనుకుంటే, నర్సు వచ్చి అసలు జాగ్రత్త ఇప్పుడే, రాబోయే ఒకటి రెండు రోజులు కదలనివ్వను అంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఫోన్‌లో అనువాదం చూపిస్తూ చెప్పింది. హోటల్ వాళ్లిచ్చిన చిన్న ప్యాడ్ మీద వైజాగ్ అమ్మాయి గీతలు కొట్టి, ఎన్ని గంటలకు ఎన్ని మిల్లీలీటర్లు తాగాను, ఎంత మూత్రం పోశాను, ఎప్పుడు మాత్ర వేసుకున్నాను, అన్నీ రాసిపెట్టేది. రాత్రి రెండింటికి కూడా లేచి రాసేది. పొద్దున రౌండ్స్‌కొచ్చిన డాక్టర్ నా ఫైలు కన్నా ముందు ఆ ప్యాడ్ అడిగి తీసుకునేవాడు.

మిగతా ముగ్గురికి సోమవారం ఆఫీసులు, వెళ్లక తప్పలేదు, నేనే వెళ్లమన్నా. తను ఆగిపోయింది. అందరి టికెట్లూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నాయి కాబట్టి మా ఇద్దరి టికెట్లనూ మిగతావాటి నుంచి విడదీయించడానికే ఎయిర్‌లైన్ వాళ్లతో గంటలు పట్టింది, ఆ పైన మార్పు ఛార్జీ, పెరిగిన ధరకు తేడా. నా టికెట్ తేడాలో కొంత పాలసీ ఇచ్చింది. తన టికెట్, ఆసుపత్రి దగ్గర తీసుకున్న గది, జీతం కోత పడిన సెలవులు, వీటిలో ఒక్క రూపాయి కూడా రాదు. హెల్ప్‌లైన్‌లో అడిగితే ఆ అబ్బాయి పాపం ఓపిగ్గా క్లాజు చదివి వినిపించాడు: వరసగా ఏడు రోజులకు మించి ఆసుపత్రిలో ఉంటే కుటుంబ సభ్యుల్లో ఒకరికి ఇండియా నుంచి రానూపోనూ టికెట్, బస ఇస్తారట. మా అమ్మకు పాస్‌పోర్టే లేదు. నాన్న లేరు. ఏడు రోజులు దాటి ఉన్నా వచ్చేవాళ్లు లేరు, ఉన్న మనిషికేమో ఆ క్లాజులో చోటు లేదు. ఇండియా నుంచి ఒకరిని రప్పించడానికి అయ్యే ఖర్చులో సగం కూడా కాదు తనకైంది. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. స్నేహితులతో తిరిగే ఆడపిల్లలు ఇంతమంది ఉన్నప్పుడు, అడ్మిట్ అయిన మనిషి తన తోడుగా ఎవరి పేరు రాస్తే వాళ్లకు ఇవ్వడానికి అడ్డేమిటి?

క్లెయిమ్ సంగతి త్వరగా చెప్తా. మొదటి రాత్రి పరీక్షల బిల్లు మాత్రం రీయింబర్స్‌మెంట్‌లో పెట్టాల్సొచ్చింది, అందులో డిడక్టబుల్, అంటే మన వాటాగా మనమే భరించాల్సిన 100 డాలర్లు కోస్తే మిగిలింది కొంచెమే, అదీ నెలలు పట్టింది. మధ్యలో ఒక ప్రశ్న వేశారు, జ్వరం బయల్దేరే ముందే ఉందా అని. దోమ కుట్టాక డెంగీ బయటపడటానికి సాధారణంగా 4 నుంచి 10 రోజులు పడుతుంది, నాకు జ్వరం ప్రయాణం మూడో రోజున మొదలైంది, అంటే కుట్టింది బహుశా మన హైదరాబాద్ దోమే. డిశ్చార్జ్ సమ్మరీలో లక్షణాలు మొదలైన తేదీ డాక్టర్ స్పష్టంగా రాశాడు కాబట్టి ఆ ప్రశ్న అక్కడితో ఆగింది. మీరు కూడా ఆసుపత్రి వదిలే ముందు ఆ తేదీ ఉందో లేదో చూసుకోండి, విమానం ఎక్కొచ్చని రాసిచ్చే లెటర్ కూడా అడిగి తీసుకోండి. డిపాజిట్ తన కార్డుకు వెనక్కి వచ్చింది గానీ కొన్ని వారాల తర్వాత, అదీ మారకం రేటులో, బ్యాంకు వేసే 3.5 శాతం ఫారెక్స్ ఛార్జీలో కొంత పోగొట్టుకుని. ఆ తేడా, టికెట్ డబ్బులు తనకు పంపిస్తే తిట్టి వెనక్కి పంపింది, మళ్లీ పంపించా.

ఇప్పుడు రెన్యూ చేస్తానా అంటే చేస్తాను, ఎందుకంటే నాకు షుగర్, బీపీ లేవు, ఏడాదిలో ఆఫీసు పని మీద కూడా బయటికి వెళ్తుంటా, ఆ రాత్రి ఫోన్ ఎత్తిన తీరు మర్చిపోలేను. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకైతే ఇదే తీసుకోమని చెప్పలేను, నా పాలసీలో అమెరికా, కెనడా లేవు, ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించదు. భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే నాకొచ్చిన ఇబ్బంది అంతగా ఉండకపోవచ్చు, అదీ క్లాజు చదివి చూసుకోవాలి. స్నేహితులతో వెళ్లేవాళ్లు మాత్రం, మా గ్రూపు ఇప్పుడు చేస్తున్నట్టు, తలా కొంత వేసి ఒకరి దగ్గర పక్కన పెట్టుకోండి, ఎవరు ఆగిపోతే వాళ్ల టికెట్‌కు, గదికి అందులోంచి తీయడానికి. డిసెంబరులో వియత్నాం వెళ్తున్నాం, ఈసారి టికెట్లు మాత్రం విడివిడిగా బుక్ చేశాం.