దశాంశాల తీసివేతకు గళ్ల పుస్తకం: నాలుగేళ్ల వాడకం తరువాత

అమలాపురం దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు ఆరో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. దశాంశ సంఖ్యల తీసివేతకు రూళ్ల పుస్తకం మాన్పించి గళ్ల పుస్తకం వాడించడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది.

మూడెకరాల్లో ఎకరం అయిదు సెంట్లు అమ్మితే ఎంత మిగులుతుందని ఒకసారి అడిగితే, ఒక అమ్మాయి 3లోంచి 1.5 తీసి 1.5 అని రాసింది. సెంటు ఎకరంలో నూరో వంతు కాబట్టి అయిదు సెంట్లంటే 0.05, తీయవలసింది 1.05, మిగిలేది 1.95. రెండు జవాబులకూ నడుమ నలభై అయిదు సెంట్ల తేడా ఉంది. కొబ్బరితోటలను సెంట్లతో సహా లెక్కపెట్టుకునే కోనసీమలో అది ఎంత నేలో ఆ పిల్లకు నేను విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది.

గళ్ల పుస్తకం ఈ పొరపాటును పట్టిస్తుంది. బిందువుకు ఒక నిలువు వరుసను పూర్తిగా విడిచిపెట్టి, దాని ఎడమన ఒకట్లు, కుడిన పదో వంతులు, ఆపైన నూరో వంతులు వేయిస్తాను. అప్పుడు 3 పక్కన రెండు గళ్లు ఖాళీగా కనిపిస్తాయి. వాటిలో సున్నాలు పెట్టి 3.00 చేయాలని పిల్లలకే తోస్తుంది. అసలు చిక్కు అప్పు తెచ్చుకోవడంలో ఉంది: నూరో వంతుల గడికి పక్కన ఉన్నదీ సున్నాయే కనుక, ముందు ఒకట్లలోని 3ను 2 చేసి, పదో వంతుల గడికి పది ఇచ్చి, అందులోంచి ఒకటి నూరో వంతులకు పంపితే పదో వంతుల్లో తొమ్మిది, నూరో వంతుల్లో పది నిలుస్తాయి. కొట్టివేసిన అంకె పైగడిలో కొత్తది రాసుకునే చోటు ఉండడం వల్ల ఈ రెండంచెల అప్పు చెదరదు. చివర 1.95కు 1.05 కలిపి 3.00 వస్తుందో లేదో చూడమంటాను.

లోపాలూ ఉన్నాయి. సన్నగళ్ల పుస్తకంలో కొట్టివేతలు ఒకదానిపై ఒకటి పడతాయి. ఒక సెంటీమీటరు గళ్లున్నదే కొనాలి. వానాకాలం తేమకు పల్చని కాగితంపై సిరా పాకుతుంది కాబట్టి పెన్సిలే మేలు. గుణకారంలో బిందువులను ఒకే వరుసలోకి తేనక్కరలేదు. ఈ అలవాటును అక్కడికీ మోసుకుపోయే పిల్లలను నేను ఏటా చూస్తున్నాను. అన్నిటికంటె నన్ను కలవరపెట్టింది, తెల్లకాగితం ఇచ్చిన రోజున అంకెలు మళ్లీ పక్కకు జరగడం. అందుకే మూడో నెల నుంచి గళ్లు తీసేసి, బిందువు కింద ఒక్క నిలువు గీత మాత్రం గీసుకోనిస్తున్నాను.