కురాసియర్ రెజిమెంట్ ‘ఫుల్ సెట్’ కొంటున్నారా? జాగ్రత్త!

లోహపు బొమ్మ సైనికులతో నెపోలియన్ కాలపు ఫ్రెంచ్ గుర్రపు దళం కట్టుకుంటున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. 1815 వాటర్లూ నాటి 5వ కురాసియర్ (ఛాతీకి లోహపు కవచం తొడిగే రౌతులు) రెజిమెంట్, 1/72 స్కేలు, సీసం లేని లోహం, నాలుగు స్క్వాడ్రన్లు (రెజిమెంటులోని చిన్న దళాలు), ఆఫీసర్లు, బాకా ఊదేవాళ్లు, జెండా పట్టేవాడు అన్నీ ఉన్నాయని రాసి ఉంటే ఒక విదేశీ అమ్మకందారు దగ్గర ఆర్డర్ పెట్టాను. ఫొటోలు అద్భుతంగా ఉన్నాయి. పార్సిల్‌లో వచ్చిన సరుకుకీ ఆ ఫొటోలకీ పొంతనే లేదు.

ముందు స్కేలు సంగతి. 1/72లో మనిషి ఎత్తు ఇంచుమించు 24 మిల్లీమీటర్లు. వచ్చిన రౌతుల్లో సగంమంది 28 మిల్లీమీటర్ల రకం, గుర్రాలన్నీ మాత్రం చిన్నవి. కురాసియర్లు భారీ అశ్వికదళం, ఒడ్డూ పొడుగూ ఉన్న గుర్రాలు ఏరి వాళ్లకి ఇచ్చేవారు. ఇక్కడేమో రౌతు బూట్లు గుర్రం మోకాళ్లను తాకుతున్నాయి.

ఇంకా ఘోరం, కొందరు అసలు కురాసియర్లే కారు, డ్రాగూన్లు, అంటే కవచం లేని వేరే రకం రౌతులు. రంగు వేయని లోహంలో ఇద్దరి హెల్మెట్లూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఎవరూ పట్టుకోలేరనుకున్నట్టున్నాడు. కవచం ఏదని అడిగితే, 1815లో 11వ రెజిమెంట్ కవచాలు లేకుండానే యుద్ధానికి వెళ్లింది కదా అన్నాడు. ఆ మాట నిజమే. కానీ నేను కొన్నది 5వ రెజిమెంట్. పైగా కవచం తీసేసినా కురాసియర్ కోటుకు ఛాతీ మీద వెడల్పాటి లాపెల్స్ (మడత పట్టీలు) ఉండవు, వీళ్లకు ఉన్నాయి. చరిత్ర తెలిసి మరీ మోసం చేయడం నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది.

కర్ర కొసన గద్ద బొమ్మ ఉన్న జెండా పట్టేవాళ్లు నలుగురు వచ్చారు. 1815 నాటికి రెజిమెంటుకు గద్ద ఒక్కటే. ఒకే అచ్చులో పోసి స్క్వాడ్రన్‌కొకడిని పెట్టి లెక్క సరిచేశాడన్నమాట. బాకా ఊదేవాళ్లకేమో కవచాలు తొడిగి ఉన్నాయి! మామూలు రౌతు చేతిలో కత్తి కోసేసి బాకా అతికించారు, మణికట్టు దగ్గర జిగురు తెట్టు కట్టి కనిపిస్తోంది. అసలు కురాసియర్ దళంలో బాకా ఊదేవాడు కవచం వేసుకోడు, బూడిదరంగు గుర్రం ఎక్కుతాడు.

20 మంది నిజమైన సైనికులకు ఒక బొమ్మ లెక్కన 400 మంది రెజిమెంటుకు 20 బొమ్మలు కావాలి, అంటే స్క్వాడ్రన్‌కి ఐదు. ఆ ఐదుగురిలో ఒకడు ఆఫీసరు, ఒకడు బాకావాడు. ఇంత చిన్న దళంలో ఇద్దరు తప్పుడువాళ్లుంటే ఆ స్క్వాడ్రన్ నిలబడదు. పనికిరానివి తీసేస్తే నాకు రెండు స్క్వాడ్రన్లు కూడా మిగల్లేదు.

ఇవన్నీ రీకాస్టులు, అంటే ఎవరో చెక్కిన అసలు బొమ్మల నుంచి రబ్బరు అచ్చు తీసి పోసిన దొంగ నకళ్లు. ముఖాల్లో ముక్కూ మూతీ కలిసిపోయాయి, కవచాల మీద గాలి బుడగల గుంటలున్నాయి. లోహాన్ని తెల్లకాగితం మీద గీస్తే పెన్సిలు గీతలా బూడిదరంగు చార పడింది. అలా చార పడితే సీసం ఉందని గట్టిగా అనుమానించాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వీటిని వాళ్లకు అందనివ్వకండి, పొడిగా అరగదీయకండి, ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి.

కొనేముందు అమ్మబోయే సెట్‌నే స్కేలుబద్ద పక్కన పెట్టి, రౌతు విడిగా గుర్రం విడిగా ఫొటో తీసి పంపమనండి. వీపులు కూడా చూపించమనండి. పంపనంటే వదిలేయండి. డబ్బు కార్డు మీదే కట్టండి, నేరుగా ఖాతాకు వేయమంటే వేయొద్దు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి.

నా ఖర్చులతో వెనక్కి పంపితే సగం డబ్బు ఇస్తానన్నాడు. ఒప్పుకోలేదు, కార్డు బ్యాంకులో ఫిర్యాదు పెట్టాను. మీకూ ఇలాంటి సెట్ వచ్చి ఉంటే దయచేసి ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) కొట్టకండి. ఒక్క పూత పడినా వాడేశారు, వాపసు కుదరదంటాడు.